ఎకో పొడవు పెంచాలంటే: ముందు లెక్క, తర్వాత పెడల్

ఆర్కెస్ట్రాలోనో, చర్చి బ్యాండ్‌లోనో, హోటల్ షోల్లోనో గిటార్ వాయించి సంపాదించుకునేవాళ్లకు డిలే పెడల్ దగ్గర ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది ఎదురవుతుంది. అనలాగ్ ఎకోలో ఉండే మెత్తదనమే కావాలి. పాట నెమ్మది కాబట్టి ఎకో ఇంకాస్త పొడవుగా రావాలి. టైమ్ నాబ్ చివరిదాకా తిప్పినా చాలడం లేదు. వెంటనే ఇంకో పెడల్ కొనాలనిపిస్తుంది. కొనుక్కోవచ్చు. కానీ ఏ పొడవు తక్కువైందో తేల్చుకోకుండా కొంటే, కొత్త పెడల్‌తోనూ అదే ఇబ్బంది మిగులుతుంది. షో డబ్బులు మాత్రం పోతాయి.

అందుకే కొనుగోలు ఆఖరి మెట్టు. అంతకుముందు చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

ఏ పొడవు తక్కువైంది?

ఎకో పొడవు అన్నప్పుడు రెండు వేరు వేరు విషయాలు కలిసిపోతాయి. మొదటిది గ్యాప్: మీరు మీటిన నోటుకూ, దాని మొదటి రిపీట్‌కూ మధ్య ఎడం. ఇది టైమ్ నాబ్ పని. రెండోది టెయిల్: రిపీట్స్ అన్నీ కలిసి ఎంతసేపు వినిపించి ఆగిపోతాయన్నది. ఇది రిపీట్ లేదా ఫీడ్‌బ్యాక్ నాబ్ పని. నోటు ఇంకాసేపు గాలిలో నిలవాలనుకునేవాళ్లలో చాలామందికి కావాల్సింది టెయిల్. వాళ్లు మాత్రం గ్యాప్ ఎక్కువున్న పెడల్ కోసం వెతుకుతుంటారు.

లెక్క చూడండి. ఒక్కో రిపీట్ ముందుదానిలో సగానికి పడేలా నాబ్ పెట్టారనుకుందాం. సగం అంటే 6 డెసిబెల్స్ తగ్గడం. అయిదో రిపీట్‌కు 30 డెసిబెల్స్ తగ్గిపోతుంది, బ్యాండ్ వాయిస్తుంటే అది ఇక వినబడదు. గ్యాప్ 300 మిల్లీసెకన్లయితే ఈ టెయిల్ ఒకటిన్నర సెకను. అదే పెడల్‌లో రిపీట్ నాబ్ కాస్త పెంచి, ఒక్కో రిపీట్ 3 డెసిబెల్స్ మాత్రమే తగ్గేలా పెడితే, 30 డెసిబెల్స్ పడటానికి పది రిపీట్స్ పడతాయి. టెయిల్ మూడు సెకన్లవుతుంది. కొత్త పెడల్ అక్కర్లేదు.

ఇందులో జాగ్రత్త ఒకటుంది. ఆ స్థాయి దాటి కొంచెం తిప్పితే రిపీట్స్ తగ్గడం మానేసి పెరగడం మొదలెడతాయి. పెడల్ ఊళ పెడుతుంది, ప్రోగ్రామ్ మధ్యలో దాన్ని ఆపడానికి వంగి నాబ్ వెతుక్కోవాలి. ఇంట్లో ఆ హద్దు ఎక్కడుందో కనిపెట్టి, దానికి బాగా కిందే మీ గుర్తు పెట్టుకోండి. ఇంకొకటి: గ్యాప్ రెట్టింపు చేసినప్పుడు, రిపీట్ నాబ్ ముట్టుకోకపోయినా టెయిల్ కూడా రెట్టింపవుతుంది. 300 నుంచి 600కు వెళ్లిన రోజు రిపీట్స్ తప్పనిసరిగా తగ్గించాలి. ఇది మరిచిపోతే కార్డ్ మార్చినా పాత కార్డ్ ఎకో మోగుతూనే ఉంటుంది, కొత్త కార్డ్‌తో అపస్వరం పడుతుంది.

అనలాగ్ పెడల్‌కు హద్దు ఎందుకుంది

అనలాగ్ డిలేలో ఉండేది బకెట్ బ్రిగేడ్ చిప్. 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు ఈ పద్ధతిని రూపొందించారు. మంటలార్పేటప్పుడు వరుసగా నిలబడ్డవాళ్లు నీళ్ల బకెట్లు చేతులు మార్చినట్టే, సిగ్నల్‌ను వేల కెపాసిటర్లు ఒకదాని నుంచి ఒకటి అందుకుంటాయి. ఎంత వేగంగా చేతులు మారాలో క్లాక్ నిర్ణయిస్తుంది. చిప్‌లోని స్టేజీల సంఖ్యను క్లాక్ వేగానికి రెట్టింపుతో భాగిస్తే డిలే టైమ్ వస్తుంది.

పాత పెడల్స్‌లో పేరున్న ఎంఎన్3005 చిప్‌లో 4096 స్టేజీలు. క్లాక్ 10,000 హెర్ట్జ్ దగ్గర అది ఇచ్చేది 204.8 మిల్లీసెకన్లు. 1981లో వచ్చిన బాస్ డీఎం-2 గరిష్ఠ టైమ్ 300 మిల్లీసెకన్లు. 4096 స్టేజీల చిప్ ఒక్కదానితో అంత టైమ్ రావాలంటే క్లాక్‌ను దాదాపు 6,800 హెర్ట్జ్‌కు దించాలి. క్లాక్‌లో సగానికి పైనున్న శబ్దాన్ని చిప్ సరిగా మోయలేదు. అంటే 3,400 హెర్ట్జ్ దాటింది పోతుంది. ఫిల్టర్ ఇంకా ముందే కోసేస్తుంది. మనం అనలాగ్ మెత్తదనం అంటున్నది చాలావరకు ఈ కోతే.

ఇప్పుడు అదే ఒక్క చిప్ నుంచి 600 మిల్లీసెకన్లు లాగితే? క్లాక్ 3,400 హెర్ట్జ్‌కు పడిపోతుంది. మిగిలే శబ్దం 1,700 హెర్ట్జ్ లోపే. పైగా 3,400 హెర్ట్జ్ అంటే మనిషి చెవి బాగా పట్టేసే చోటు, అక్కడ క్లాక్ సన్నటి ఈలలా వినిపిస్తుంది. అందుకే పొడవైన అనలాగ్ డిలే చేసేవాళ్లు క్లాక్ దించడం కంటే స్టేజీలు పెంచుతారు. బాస్ డీఎం-101లో ఎనిమిది చిప్‌లు పెట్టి 1,200 మిల్లీసెకన్ల దాకా తెచ్చారు.

ఈ లెక్క ఎందుకు తెలియాలంటే, కెపాసిటర్ ఒకటి మార్చి టైమ్ రెట్టింపు చేస్తామనేవాళ్లు మీకు తగులుతారు. టైమ్ నిజంగానే పెరుగుతుంది. ఫిల్టర్ మాత్రం పాత క్లాక్ కోసం కట్టింది, కొత్త ఈలను ఆపలేదు. ఇంట్లో చిన్న ఆంప్‌లో తెలియదు, పెద్ద స్పీకర్ల మీద పాట ఆగిన ప్రతిసారీ తెలుస్తుంది. పెడల్ లోపలి ట్రిమ్‌పాట్‌లను ఊరికే తిప్పడమూ అంతే. చిప్ బయాస్ తప్పితే రిపీట్స్ చిరిగినట్టు వస్తాయి, దాన్ని వెనక్కి తేవడానికి ఆసిలోస్కోప్ ఉన్న టెక్నీషియన్ కావాలి. సంపాదించి పెట్టే పెడల్ మీద ప్రయోగాలు చేయకండి.

పాటల లిస్టుతో కూర్చోండి

మీకు ఎంత గ్యాప్ అవసరమో చెప్పేది పాట టెంపో. 60,000ను బీపీఎంతో భాగిస్తే ఒక బీట్ పొడవు మిల్లీసెకన్లలో వస్తుంది. దానిలో సగం ఎయిత్ నోట్, ముప్పావు డాటెడ్ ఎయిత్. యూ2 బ్యాండ్ గిటారిస్టు ది ఎడ్జ్ వాయింపుతో ప్రపంచమంతా తెలిసిన, ఇవాళ మన చర్చి బ్యాండ్లలోనూ వినిపిస్తున్న ఆ పరుగెత్తే ఎకో ఈ డాటెడ్ ఎయిత్‌తో వచ్చేదే. ఎడ్జ్ మొదట్లో దాన్ని రాబట్టింది ఎలక్ట్రో-హార్మోనిక్స్ మెమరీ మ్యాన్ అనే అనలాగ్ పెడల్‌తోనే.

మూడు టెంపోలు చూద్దాం.

120 బీపీఎం: బీట్ 500, డాటెడ్ ఎయిత్ 375, ఎయిత్ 250. 300 మిల్లీసెకన్ల పెడల్‌కు ఎయిత్ అందుతుంది, డాటెడ్ అందదు. 550 మిల్లీసెకన్ల డీలక్స్ మెమరీ మ్యాన్‌కూ, 600 మిల్లీసెకన్ల ఎంఎక్స్‌ఆర్ కార్బన్ కాపీకీ అన్నీ అందుతాయి.

108 బీపీఎం: బీట్ దాదాపు 556, డాటెడ్ 417. ఇక్కడ 600 పెడల్ ఇంకా సరిపోతుంది, నాబ్ మాత్రం చివరికి చేరుతోంది.

72 బీపీఎం, నెమ్మదైన మెలొడీ: బీట్ 833, డాటెడ్ 625, ఎయిత్ 417. 300 పెడల్‌కు ఇవేవీ అందవు. 600 పెడల్‌కు ఎయిత్ ఒక్కటే అందుతుంది. ఇక్కడే చాలామంది కొత్త పెడల్‌కు పరుగెడతారు. అయితే బీట్‌ను మూడు భాగాలు చేస్తే 278 మిల్లీసెకన్లు. అది 300 పెడల్ పరిధిలోనే ఉంది. పాట నడక ఆరు-ఎనిమిదిలో ఉంటే ఈ మూడో భాగం అచ్చంగా కలిసిపోతుంది. రిపీట్స్ కాస్త పెంచితే వినేవాళ్లకు కావాల్సిన విశాలత వస్తుంది.

మీరు తరచూ వాయించే పాటలన్నిటికీ ఇలా లెక్క రాసుకోండి. కావాల్సిన టైమ్‌లన్నీ 600 లోపే ఉంటే మీకు పొడవైన డిలే అవసరం లేదు. నాలుగైదు పాటలకు మాత్రమే 700, 800 కావాలంటే ఆ నాలుగైదింటి కోసం ఏం చేయాలో విడిగా ఆలోచించండి. లిస్టులో సగం అలాంటివే ఉంటే కొనడం న్యాయమే.

ట్యాప్ టెంపో (కాలితో తట్టి టైమ్ పెట్టే స్విచ్) లేని అనలాగ్ పెడల్‌లో టైమ్ పెట్టడం ఎలా? ఫోన్‌లో మెట్రొనోమ్ పెట్టుకోండి. డాటెడ్ ఎయిత్ కావాలంటే పాట టెంపోను 4తో హెచ్చించి 3తో భాగిస్తే వచ్చే సంఖ్యను మెట్రొనోమ్‌లో పెట్టాలి. 108కి 144. తీగ మ్యూట్ చేసి ఒక్కసారి కొట్టండి, రిపీట్స్ క్లిక్‌తో కలిసేదాకా నాబ్ జరపండి. కలిసిన చోట సిల్వర్ పెన్నుతో చుక్క పెట్టి పాట పేరులో మొదటి అక్షరం రాయండి. స్టేజీ మీద ఎకో మోగుతుండగా మాత్రం టైమ్ నాబ్ కదపొద్దు. శ్రుతి జారి అందరికీ వినిపిస్తుంది. పెడల్ ఆఫ్ చేసి, పాటల మధ్యలో మార్చండి.

రెండు పెడల్స్ కలిపితే

300 పెడల్స్ రెండు వరుసగా పెడితే 600 వస్తుందని నమ్మి కొనేవాళ్లున్నారు. వచ్చేది అది కాదు. మొదటి పెడల్ అసలు నోటునూ, 300 దగ్గరి ఎకోనూ రెండింటినీ రెండోదానికి పంపుతుంది. రెండోది ఆ రెండింటికీ ఎకో తయారుచేస్తుంది. ఫలితంగా 300 దగ్గర రెండు కాపీలు, 600 దగ్గర ఒకటి. గ్యాప్ 300 గానే ఉంటుంది, మొదటి రిపీట్ మామూలు కంటే బలంగా కొడుతుంది. రెండు నాబ్‌లు కచ్చితంగా ఒకచోట లేకపోతే ఆ రెండు కాపీలు కొద్ది మిల్లీసెకన్ల తేడాతో తగులుకుని సౌండ్ బోలుగా మారుతుంది.

నిజంగా 600 గ్యాప్ కావాలంటే రెండు పెడల్స్ నుంచీ ఎకో మాత్రమే రావాలి, అసలు సిగ్నల్ వేరే దారిలో మిక్సర్‌కు చేరాలి. డీఎం-2 లాంటి కొన్ని పెడల్స్‌లో ఉండే డైరెక్ట్ అవుట్ జాక్ ఇందుకు పనికొస్తుంది. అందులో కేబుల్ పెడితే అసలు సిగ్నల్ అటు వెళ్లి, మామూలు అవుట్‌పుట్‌లో ఎకో మాత్రమే మిగులుతుంది. దీనికి మిక్సర్‌లో అదనపు చానెల్ కావాలి, రెండు ఫిల్టర్లు దాటిన ఎకో ఇంకా మసకబారుతుంది, హిస్ కూడా పెరుగుతుంది. నాలుగు బ్యాండ్లు ఒకే మిక్సర్ పంచుకునే ప్రోగ్రామ్‌లో దీన్ని అడగొద్దు.

రెండు పెడల్స్‌కు అసలైన ఉపయోగం టెయిల్‌లో ఉంది. 120 బీపీఎం పాటలో ఒకటి 250కి, ఇంకోటి 375కి పెట్టండి. రెండింట్లోనూ రెండు, మూడు రిపీట్స్ చాలు. ఏ పెడల్‌నూ ఊళ పెట్టే హద్దు దగ్గరికి తీసుకెళ్లకుండానే చిక్కని, పొడవైన టెయిల్ వస్తుంది. రెండింట్లోనూ ఫీడ్‌బ్యాక్ సగం దాటించారంటే బురదే.

డిజిటల్ పెడల్‌తో అనలాగ్ రంగు

600 మిల్లీసెకన్లు దాటిన గ్యాప్ తరచూ కావాలంటే, పని కోసం నా సలహా డిజిటల్‌లో అనలాగ్ మోడ్. అసలు చిప్ కావాలనే పట్టుదల ఉంటే 800 దాకా వెళ్లే బాస్ డీఎం-2డబ్ల్యూ, 1,200 దాకా వెళ్లే కార్బన్ కాపీ డీలక్స్ లాంటివి ఉన్నాయి. కానీ బ్యాండ్ మధ్యలో మెత్తటి రిపీట్‌కూ, దాని నకలుకూ తేడా పట్టే శ్రోత దాదాపు ఉండడు. టెంపో తప్పిన ఎకోను మాత్రం పాట రాని మనిషి కూడా పట్టేస్తాడు. ట్యాప్ ఉండటం చిప్ కంటే ముఖ్యం.

1999లో వచ్చిన లైన్ 6 డీఎల్4లో డీఎం-2, డీలక్స్ మెమరీ మ్యాన్ నమూనాలు అప్పుడే ఉన్నాయి, గ్యాప్ రెండున్నర సెకన్ల దాకా. బాస్ డీడీ-7, డీడీ-8లలోనూ అనలాగ్ మోడ్ ఉంది. మల్టీ-ఎఫెక్ట్స్ వాడేవాళ్లయితే ఇలా పెట్టి చూడండి: రిపీట్స్‌కు హై కట్ 2,500 హెర్ట్జ్ దగ్గర, లో కట్ 150 దగ్గర, మాడ్యులేషన్ చాలా తక్కువ, మిక్స్ పాతిక శాతం లోపు. లో కట్ వదిలేయకండి. ఒక్కో రిపీట్‌తో అడుగు శబ్దం పేరుకుని, బేస్ గిటార్, కిక్ డ్రమ్ ఉండాల్సిన చోటును ఆక్రమిస్తుంది.

తక్కువ ధర పెడల్స్‌లో చాలావాటి లోపల పీటీ2399 చిప్ ఉంటుంది. అది డిజిటల్ చిప్పే, చుట్టూ ఫిల్టర్లుండటం వల్ల రిపీట్స్ మెత్తగా వస్తాయి. దాదాపు 340 మిల్లీసెకన్ల దాకా పని బాగానే చేస్తుంది, ఆపైన లాగేకొద్దీ గరగర పెరుగుతుంది. పెట్టె మీద 600 అని ఉంటే 600 దగ్గరే విని చూడండి, 300 దగ్గర విని నిర్ణయించొద్దు.

స్టేజీ మీద చెడిపోయేవి

మొదటిది ఆంప్ లేకపోవడం. మన ప్రోగ్రాముల్లో గిటార్ ఎక్కువగా డీఐ బాక్స్ ద్వారా నేరుగా మిక్సర్‌కు వెళ్తుంది. గిటార్ ఆంప్ స్పీకర్ 5,000 హెర్ట్జ్ పైన దాదాపు ఏమీ పలకదు కాబట్టి, అనలాగ్ పెడల్ హిస్‌ను, ఈలను అది దాచిపెడుతుంది. పీఏ స్పీకర్లు దాచవు. డిలే తర్వాత క్యాబ్ సిమ్యులేటర్ పెట్టండి, లేదా గిటార్ చానెల్‌లో 6,000 పైన తగ్గించమని సౌండ్ ఇంజినీర్‌ను అడగండి.

రెండోది హాలు. శబ్దం సెకనుకు దాదాపు 345 మీటర్లు వెళ్తుంది. వెనక గోడ 30 మీటర్ల దూరంలో ఉంటే మీ నోటు దానికి తగిలి దాదాపు 175 మిల్లీసెకన్లలో తిరిగొస్తుంది. గ్రానైట్ నేల, గాజు తలుపులున్న ఫంక్షన్ హాలు తన ఎకో తానే ఇస్తోంది. అక్కడ మీ మిక్స్, రిపీట్స్ రెండూ తగ్గించాలి. ఆరుబయట స్టేజీ మీద అదే సెట్టింగ్ పల్చగా వినిపిస్తుంది, కాస్త పెంచొచ్చు. సౌండ్‌చెక్‌లో తోటివాళ్లకు గిటార్ ఇచ్చి, హాలు మధ్యలో నిలబడి వినండి. మానిటర్‌లో విన్నదాన్ని బట్టి నిర్ణయించొద్దు.

మూడోది కరెంటు. డిలే పెడల్ అడాప్టర్ వోల్టేజ్, పోలారిటీ, మిల్లీఆంప్స్ మూడూ సరిపోవాలి. ఎక్కువ పెడల్స్‌కు 9 వోల్ట్‌లు చాలు. డీలక్స్ మెమరీ మ్యాన్‌లో 24 వోల్ట్‌లవి ఉన్నాయి, ఆ అడాప్టర్ పొరపాటున ఇంకో పెడల్‌కు తగిలితే అది అక్కడికక్కడే పోవచ్చు. అడాప్టర్ మీద పెద్ద అక్షరాలతో టేప్ అంటించండి. డిజిటల్ పెడల్‌నూ అనలాగ్ డిలేనూ ఒకే డైసీ చైన్ మీద నడిపితే రొద వస్తుంది. ఐసొలేటెడ్ సప్లై ఖర్చు ఎక్కువే, కానీ కొత్త పెడల్ కంటే ముందు కొనాల్సింది అదే. లైటింగ్‌కూ సౌండ్‌కూ ఒకే లైన్ ఇచ్చారేమో ముందే కనుక్కోండి.

నాలుగోది వరుస. ఓవర్‌డ్రైవ్ ముందు, డిలే తర్వాత. తారుమారైతే ఓవర్‌డ్రైవ్ ప్రతి రిపీట్‌నూ నొక్కి పైకి లేపుతుంది, టెయిల్ తగ్గకుండా ముద్దైపోతుంది. 9 వోల్ట్‌ల అనలాగ్ పెడల్‌లోకి బూస్ట్‌తో మరీ గట్టి సిగ్నల్ తోస్తే రిపీట్స్ చిరుగుతాయి, లెవెల్ చూసుకోండి.

అయిదోది బైపాస్. చాలా ట్రూ బైపాస్ పెడల్స్‌ను ఆఫ్ చేయగానే టెయిల్ ఠక్కున తెగిపోతుంది. చరణం చివర అది పాటను కోసేసినట్టుంటుంది. టెయిల్ మిగిల్చే మోడ్ ఉంటే ఆన్ చేసుకోండి. లేకపోతే టెయిల్ ముగిశాకే కాలు వేయడం సాధన చేయండి.

కొనేముందు, ఎక్కేముందు

సెకండ్ హ్యాండ్ అనలాగ్ పెడల్ చూసేటప్పుడు టైమ్ గరిష్ఠంలో, రిపీట్స్ సగంలో పెట్టి వినండి. ఈల ఉందా, రిపీట్ చిరుగుతోందా, నాబ్ గరగరలాడుతోందా? అసలు అడాప్టర్ ఇస్తున్నారా? పాత ఎంఎన్3005 పేరుతో నకిలీ చిప్‌లు బాగా తిరుగుతున్నాయి కాబట్టి, చిప్ మార్చామని చెప్పిన పెడల్‌కు ఎక్కువ ధర పెట్టకండి. వీలైతే అడ్వాన్స్ ఇచ్చి ఒక రిహార్సల్‌లో వాడి చూసి తీసుకోండి.

గాయకుడు ఆఖరి నిమిషంలో టెంపో మారుస్తాడు, లిస్టులో లేని పాట పడుతుంది. అలాంటప్పుడు టెంపో లెక్కలకు సమయం ఉండదు. అందుకోసం ఒక సెట్టింగ్ ముందే గుర్తు పెట్టుకోండి: 280 నుంచి 300 మిల్లీసెకన్లు, రెండు మూడు రిపీట్స్, మిక్స్ తక్కువ. రిపీట్స్ నోటు కింద అణిగి ఉంటాయి కాబట్టి ఏ టెంపోలోనైనా తప్పు కొట్టదు. డిలే పోయినా ప్రోగ్రామ్ ఆగకుండా, దాన్ని దాటించి కలిపే ప్యాచ్ కేబుల్ ఒకటి బ్యాగులో ఉండాలి.

ఎకో ఎంత పొడవైనా మీరు వాయించిన నోటు ముందు వినిపించాలి. రిపీట్స్ గాయకుడి మాటను కప్పుతున్నాయని సౌండ్ ఇంజినీర్ ఒక్కసారి అనుకున్నాడంటే, మీ చానెల్ ఫేడర్ దించేస్తాడు. ఆ తర్వాత మీ పెడల్ ధర ఎంతైనా ఒకటే. ఈ వారం పాటల లిస్టు తీసి టైమ్‌లు రాయండి, ఉన్న పెడల్‌తో ఎన్ని అందుతున్నాయో గుర్తించండి, అందని వాటి కోసమే డబ్బు తీయండి. ఆ కాగితం ఉన్న గిటారిస్టు సౌండ్‌చెక్ త్వరగా ముగిస్తాడు, బ్యాండ్ లీడర్ తర్వాతి షోకు ముందుగా ఫోన్ చేసేది అతనికే.